పెంచలమ్మ హారం అడగాలి

ప్రశ్న: నేను కావలి దగ్గర ఒక పల్లెలో హైస్కూలు ఉపాధ్యాయురాలిని. తొలిసారి ఒక సాంఘిక నాటిక రాశాను. శ్రీహరి రొయ్యల చెరువులు చేస్తాడు. ఒక పంట తెల్లమచ్చ తెగులుతో పోతుంది. మేత బాకీ కోసం మనుషులు గడపలో కూర్చుంటారు. అప్పుడు అతని భార్య సరళ పుట్టింటివాళ్లు పెట్టిన హారాన్ని ఎవరికీ తెలియకుండా తాకట్టు పెట్టి, మా అన్న సర్దాడని అబద్ధం చెప్పి, డబ్బు భర్త చేతిలో పెడుతుంది. పక్కింటి పెంచలమ్మకు మాత్రం విషయం చెప్పుకుని ఏడుస్తుంది. పెంచలమ్మ ఓదారుస్తుంది. చివరికి పోస్ట్‌మన్ వేలం నోటీసు తెస్తాడు, శ్రీహరి నిలదీస్తాడు, పెంచలమ్మ వచ్చి ఇద్దరికీ సర్దిచెబుతుంది. మా నాటక సమాజం దర్శకుడు ‘ఆ పెంచలమ్మ ఏమీ చేయదు, తీసేయండి, ఇంకొక నటిని బయటి ఊరి నుంచి పిలిపించే ఖర్చయినా తగ్గుతుంది’ అంటున్నారు. నేను ఎమ్మేలో ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ చదువుకున్నాను. అందులో నాయిక నోరా స్నేహితురాలు క్రిస్టీన్ లిండే లాంటిదే నా పెంచలమ్మ అని వాదించాను. ‘ఆవిడ కూడా వినడానికి పెట్టిన పాత్రే’ అన్నారాయన. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీ దర్శకుడు రోగాన్ని సరిగ్గా పట్టుకున్నారు, మందు తప్పు రాశారు. లిండే విషయంలో మాత్రం ఆయన పొరబడ్డారు. మీరు కూడా పొరబడ్డారు, ఇంకో రకంగా.

ముందు పెంచలమ్మ సంగతి. మీ కథ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఆమె ఉన్న భాగాలన్నీ మూసి చదవండి. హారం తాకట్టుకు వెళుతుంది, నోటీసు వస్తుంది, మొగుడు నిలదీస్తాడు. ఏదీ ఆగలేదు, ఏదీ మారలేదు. పెంచలమ్మ మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెళ్లింది, అంతే. ఆమె మంచిదని మీకు ఇష్టం. మంచితనం మనిషికి చాలు, పాత్రకు చాలదు.

అయితే తీసేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. చాలా ఏళ్ల క్రితం ఒంగోలులో ఒక పరిషత్తు పోటీకి మేమూ ఒక నాటిక పట్టుకెళ్లాం. నాది ఎప్పుడూ తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలందించే పనే. ఇంట్లో ముసలి పనిమనిషి పాత్ర ఒకటి ఉండేది. బస్సు ఛార్జీలు, బస, భోజనం లెక్క చూసుకుని పదిహేను రోజుల ముందు ఆమెను కోసేశాం. కోశాక తెలిసింది, కథానాయిక మనసులో మాట ఎవరితో చెప్పాలో దిక్కులేదని. గోడకు అమ్మ ఫొటో తగిలించి, దానితో మాట్లాడించాం. రంగం మీద ఆ అమ్మాయి ‘అమ్మా, నువ్వుంటే’ అని కళ్లనీళ్లు పెట్టుకోగానే మేకు జారి ఫొటో పక్కకు ఒరిగింది. వెనక వరసలో మొదలైన నవ్వు న్యాయనిర్ణేతల బల్ల దాకా వచ్చింది. ఈ రోజుల్లో ఆ ఫొటో పని సెల్‌ఫోను చేస్తోంది. అవతల ఎవరూ లేని ఫోనులో ‘అలాగా, ఎప్పుడు, అయ్యయ్యో’ అంటూ కథంతా తానే చెప్పుకునే నాయికలను నెల్లూరు టౌన్‌హాలులో ఎంతమందిని చూశానో లెక్కలేదు. కాబట్టి పెంచలమ్మను తీసేస్తే ఆమె స్థానంలోకి ఫొటోనో ఫోనో వస్తుందన్న సంగతి మీ దర్శకుడికి గుర్తుచేయండి.

ఇక లిండే. ఆ నాటకం 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. మూడంకాలు, ఒకే గది, క్రిస్మస్ పండుగ మూడు రోజులు. నోరా భర్త టోర్వాల్డ్ కొత్త సంవత్సరం నుంచి బ్యాంకు మేనేజరు కాబోతున్నాడు. ఒకప్పుడు అతని ప్రాణం నిలబెట్టడానికి నోరా దొంగచాటుగా అప్పు చేసి ఇటలీ తీసుకెళ్లింది, డబ్బు తన తండ్రి ఇచ్చాడని నమ్మించింది. మీ సరళ ‘మా అన్న సర్దాడు’ అనడం ఈ నీడలో పుట్టిందే. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ నీడను తీసుకున్నప్పుడు దాని వెనక ఉన్న మనిషిని కూడా చూడాలి.

లిండే తొలి అంకంలోనే వస్తుంది. నోరాను చూసి తొమ్మిది పదేళ్లయింది. మంచాన పడ్డ తల్లి, ఇద్దరు చిన్న తమ్ముళ్లు ఉన్నందున డబ్బున్నవాణ్ణి కట్టుకుంది. అతను చనిపోయి మూడేళ్లు. చిల్లిగవ్వ మిగల్చలేదు. తల్లి పోయింది, తమ్ముళ్లు ఎదిగిపోయారు. ఇప్పుడు ఆమెకు ఎవరికోసం బతకాలో తెలియదు. నోరా ఇంటికి స్నేహం కోసం వచ్చిందని మనం అనుకుంటాం. నిజానికి ఉద్యోగం అడగడానికి వచ్చింది. ఆ ఒక్క మాట మీద గీత గీసుకోండి. ఆమె నోరా కష్టం వినడానికి రాలేదు, తన కష్టం మోసుకుని వచ్చింది.

నోరా రహస్యం ఎలా బయటపెడుతుందో చూడండి. లిండే కాస్త జాలిగా, నీకు జీవితంలో బరువంటే ఏం తెలుసు, ఇంకా చిన్నపిల్లవే అన్నట్టు మాట్లాడుతుంది. నోరాకు పొడుచుకొస్తుంది. ఆ రోషంలో, నేనూ ఒక పని చేశాను తెలుసా అని చెప్పేస్తుంది. బరువు దింపుకోవడానికి కాదు, గొప్ప చెప్పుకోవడానికి. అప్పుడు కూడా సగమే చెబుతుంది. ఎవరి దగ్గర అప్పు తెచ్చిందో చెప్పదు. అప్పు పత్రం మీద తండ్రి సంతకం తానే పెట్టిన సంగతి అసలే చెప్పదు. దాంతో లిండే రెండో అంకం దాకా ఆ డబ్బు వాళ్లింటి స్నేహితుడు డాక్టర్ రాంక్ ఇచ్చి ఉంటాడని తప్పుగా ఊహించుకుంటూ ఉంటుంది. వినే పాత్రకు అంతా తెలియకూడదు. తప్పుగా తెలిస్తే మరీ మంచిది. మీ పెంచలమ్మకు మొదటి దృశ్యంలోనే అంతా తెలిసిపోయింది, ఆ తర్వాత ఆమె కనుక్కోవడానికి ఏమీ మిగల్లేదు. సరళ ఏడ్చి చెప్పడం కూడా నాకు నచ్చలేదు. ఏడ్చేవాళ్లు కథ చెబుతారు, రోషపడేవాళ్లు కథ నడుపుతారు.

అసలు కీలు ఇంకోచోట ఉంది. టోర్వాల్డ్ లిండేకు ఉద్యోగం ఇవ్వడానికి ఇట్టే ఒప్పుకుంటాడు. ఆ కుర్చీ ఎవరిది? క్రోగ్‌స్టాడ్‌ది. నోరాకు అప్పిచ్చినవాడు అతనే. టోర్వాల్డ్ అతన్ని పంపించేయాలనుకోవడానికి నడవడి మంచిది కాదన్నది పైకి చెప్పే కారణం. పాత స్నేహం అడ్డం పెట్టుకుని నలుగురి ముందూ చనువుగా పిలవడం లోపల గుచ్చుకునే కారణం. ఏదైతేనేం, క్రోగ్‌స్టాడ్ కుర్చీలోకి లిండే వస్తోంది. అతను కుర్చీ కాపాడుకోవడానికి నోరాను బెదిరిస్తాడు. అంటే నోరా మెడకు ఉరి బిగించింది శత్రువు కాదు. పొట్టకూటి కోసం వచ్చిన స్నేహితురాలు, తనకు తెలియకుండానే బిగించింది. నోరాయే స్వయంగా సిఫారసు చేసి బిగించుకుంది. ఇంట్లో జరిగే నాటకానికి బయటి నుంచి దుర్మార్గుడిని తేనక్కర్లేదు. ఒకరి న్యాయమైన అవసరం ఇంకొకరి న్యాయమైన అవసరానికి అడ్డం పడితే చాలు.

మూడో అంకం తెర తీసేసరికి గదిలో లిండే ఒక్కతే ఉంటుంది. నోరా పై అంతస్తులో నాట్యమాడుతోంది, వాద్యాల మోత పైనుంచి వినిపిస్తూ ఉంటుంది. క్రోగ్‌స్టాడ్ వస్తాడు. వాళ్లిద్దరూ ఒకప్పుడు ఒకరినొకరు కోరుకున్నవాళ్లే, తల్లినీ తమ్ముళ్లనీ చూసి ఆమె వదులుకుంది. ఇప్పుడు ఇద్దరూ ఒకటవుతారు. నోరా గుట్టంతా టోర్వాల్డ్‌కు రాసి క్రోగ్‌స్టాడ్ వేసిన ఉత్తరం అప్పటికే ఆ ఇంటి ఉత్తరాల పెట్టెలో పడి ఉంది. వెనక్కి అడిగి తీసుకుంటానని అతనే అంటాడు. అక్కడ ఒక్క ‘సరే’ చాలు నోరా సంసారం నిలబడటానికి. లిండే వద్దంటుంది. ఈ ఇంట్లో ఒక్క రోజులో నమ్మలేని విషయాలు చూశాననీ, ఇద్దరి మధ్యా ఈ దాపరికం పోవాలనీ అంటుంది. కాపాడగలిగీ కాపాడకపోవడం! మంచికి చేసిందా, తాను మళ్లీ ఇల్లు కట్టుకుంటున్న ఊపులో ఇంకొకరి ఇంటి మీద తీర్పు చెప్పిందా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మీరు కూడా తేల్చుకోకండి, అదే ఆ పాత్ర బలం. ఒకామె పెళ్లిలోకి నడుస్తుంటే ఇంకొకామె పెళ్లిలోంచి నడిచిపోవడానికి తలుపు తెరుచుకుంటోంది. ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఎదురెదురుగా దాటుకుంటారు. ఇందులో వినడం ఎక్కడుంది? మీ దర్శకుడికి ఈ ఒక్క దృశ్యం చదివి వినిపించండి.

మన సంప్రదాయంలో చెలికత్తెలు ఉత్త శ్రోతలేనని ఆయన అంటారేమో. శకుంతల చెలులను అడగమనండి. కాళిదాసు నాటకం నాలుగో అంకం మొదట్లో దూర్వాసుడి శాపం అనసూయా ప్రియంవదలకే వినిపిస్తుంది, తన ధ్యాసలో ఉన్న శకుంతలకు వినిపించదు. ప్రియంవద పరుగెత్తి కాళ్లావేళ్లా పడితే, గుర్తుగా ఇచ్చిన ఆభరణం చూస్తే శాపం తీరుతుందన్న మాట దొరుకుతుంది. తర్వాత ఇద్దరూ కూడబలుక్కుని ఈ సంగతి ఆమెకు చెప్పకూడదనుకుంటారు. నవమాలిక తీగకు వేడినీళ్లు పోసేవాళ్లెవరని ప్రియంవద అడుగుతుంది. ఆ దాపరికం వల్లే శకుంతల వేలి ఉంగరం విలువ తెలియకుండా రాజు దగ్గరికి వెళుతుంది. ఇక చూడండి, వాళ్లు ప్రేమకొద్దీ దాచారు, లిండే దాచనివ్వలేదు. రెండు కథల్లోనూ మలుపు పక్క మనిషి నిర్ణయంలోనే ఉంది. రెండు చోట్లా ఆ పక్క మనిషి అసలు ఘట్టానికి ముందే తప్పుకుంటుంది. చెలులిద్దరూ హస్తినాపురానికి వెళ్లరు, ఆ తర్వాత మనకు కనిపించరు. లిండే, నీ భర్తకు అంతా చెప్పాల్సిందే అని నోరాతో ఒక మాట అనేసి, ఉత్తరం తెరవకముందే వెళ్లిపోతుంది.

చిన్న పాత్రలు ఇంకా ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. డాక్టర్ రాంక్ కథను ముందుకు తోయడు, ఒక దారి మూసేస్తాడు. నోరా అతన్ని సాయం అడగబోతుంటే అతను తన ప్రేమ బయటపెడతాడు, ఇక ఆమె అడగలేదు. దాది ఆన్‌-మారీ ఉండేది కాసేపే. తన బిడ్డను పరాయివాళ్లకు వదిలి నోరాను పెంచడానికి వచ్చిన మనిషి. అదెలా చేయగలిగావని నోరా ఆమెను అడుగుతుంది. చివరన నోరా పిల్లల్ని వదిలి వెళ్లడానికి అక్కడే నేల సిద్ధమవుతోంది. రెండు నిమిషాల పాత్రకు అంత పని.

ఇప్పుడు మీ నాటికకు వద్దాం. పెంచలమ్మకు ఏం కావాలి? మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు. ఆమెకు ఒక కూతురుంది అనుకోండి, పెళ్లి కుదిరింది. మన వైపు పెళ్లంటే ఏముంటుంది? పక్కింటివాళ్ల నగ ఒక్క పూటకు అడిగి తెచ్చి పెళ్లికూతురి మెడలో వేయడం ఎన్ని ఇళ్లలో జరగలేదు! రెండో దృశ్యంలో ఆమె సరళ ఇంటి వసారాలో కూర్చుని శుభలేఖల అంచులకు పసుపు రాస్తూ ఉండాలి. లిండే కూడా నోరా దుస్తులకు కుట్టు వేస్తూనే మాట్లాడుతుంది. చేతిలో పని ఉన్న మనిషి రంగం మీద తేలిగ్గా కూర్చుంటుంది, సంభాషణ కూడా ఉపన్యాసం కాదు. పెంచలమ్మకు తాకట్టు సంగతి అప్పటికి తెలియకూడదు. సరళకు ఏదో డబ్బు ఇబ్బంది ఉందని మాత్రమే తెలియాలి. పొలం మీద అప్పు తెచ్చిందేమో అనుకుంటోంది. ఆమె ఆ హారం అడగాలి, అదీ శ్రీహరి ఎదుట. శ్రీహరి పొంగిపోయి ‘దానికేముంది అక్కా, మీ అమ్మాయి మా ఇంటి పిల్ల కాదా’ అనాలి. భార్య సొత్తు ఎంత ధారాళంగా దానం చేస్తున్నాడో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. మీరు అతని గురించి రాసిన ఒకటిన్నర పేజీ ఆత్మగతం తీసేయవచ్చు. సరళ ముఖం ఆ క్షణంలో ఎలా ఉంటుందో మాటల్లో రాయకండి, నటికి వదిలేయండి.

ఆ తర్వాత, ఇద్దరు ఆడవాళ్లూ ఒంటరిగా ఉన్నప్పుడు, సరళ చెప్పక తప్పని స్థితిలో చెబుతుంది. పెంచలమ్మ ఆలోచిస్తుంది. ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. లిండే దారిలో వెళ్లి ‘పద, ఇప్పుడే చెబుదాం’ అనిపించవచ్చు. నాకైతే మన చెలుల దారే ఇష్టం, పక్కింటివాళ్లు అలాగే చేస్తారు కూడా. ‘హారం నాకు ముట్టిందనే చెబుతా. పిల్లకు గిల్టుది వేస్తా, పందిట్లో ఎవరు చూస్తారు’ అంటుంది. సరళ చేతులు పట్టుకుంటుంది. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. అతన్ని అలా పీల్చుకోనివ్వాలి.

పెళ్లయిపోతుంది. పది రోజులు గడుస్తాయి. శ్రీహరి అడుగుతాడు, ఇంకా హారం తిరిగి ఇవ్వలేదేమిటని. సరళ ఒకసారి సర్దుతుంది, రెండోసారి నీళ్లు నములుతుంది. మూడోసారి అతను పెంచలమ్మ ఎదుటే మాట తూలుతాడు. పెళ్లి ఖర్చులకు దాన్ని ఎక్కడో పెట్టేసిందని అతని అనుమానం. నిజంగా తాకట్టు పెట్టింది తన భార్య, పెట్టింది తన బాకీ కోసమే. ఆ నింద పెంచలమ్మ మీద పడుతోంది. పెంచలమ్మ ఒక్క మాట అనదు. సరళ వంక చూస్తుంది. లేచి చీర చెంగు సర్దుకుని వెళ్లిపోతుంది. ఇప్పుడు రంగం మీద మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగిలారు. పక్కింటి మనిషి పరువు కాపాడాలంటే సరళ తన గుట్టు విప్పాలి. గుట్టు కాపాడుకోవాలంటే ఆ మనిషిని దొంగగా మిగలనివ్వాలి. ఆమె ఏం చేస్తుందో మీరు రాయాలి, నేను చెప్పను.

ఇప్పుడు గమనించారా, వేలం నోటీసుతో పనిలేకుండా పోయింది. గుట్టు కాగితం మీద ఇంటికి నడిచి రావడం కన్నా సరళ నోటి నుంచి రావడం ఎంతో మేలు. ఎవరినైనా తీసేయాలనుకుంటే పోస్ట్‌మన్‌ను తీసేయండి. దర్శకుడికి ఒక మనిషి ఖర్చు తగ్గుతుంది.

ఆఖరున పెంచలమ్మ వచ్చి సర్దిచెప్పే ఆ పేజీన్నర మీకు చాలా ఇష్టమని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. దాన్ని మొత్తం చింపేయండి. ఇంటి గొడవలో మూడో మనిషి ధర్మం చెబితే ప్రేక్షకుడు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతాడు. పైగా నింద మోసి వెళ్లిపోయిన మనిషే తిరిగొచ్చి నీతులు చెబితే ఆ నింద బరువంతా గాలికి పోతుంది. ఆమె మళ్లీ రాకూడదు. గుమ్మం బయట ఆమె చెప్పులు ఉన్నాయో లేవో చూడటానికి సరళ ఒకసారి తల తిప్పితే చాలు.

ఇంకో చిన్న మాట. పెంచలమ్మ అన్న పేరు బాగుంది, పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న ఇళ్లు నెల్లూరు జిల్లాలో ఎన్నో. వినగానే ఊరు తెలుస్తుంది. అంతటితో ఆపండి. ఊరి యాసను నవ్వు కోసం ఆమె ఒక్కదాని నోట్లోనే పెట్టి, సరళనూ శ్రీహరినీ పుస్తకభాషలో మాట్లాడిస్తే ఆమె హాస్యపాత్ర అయిపోతుంది. హాస్యపాత్ర మీద పడ్డ నిందకు ఎవరూ బాధపడరు. మాట్లాడిస్తే ముగ్గురినీ ఒకేలా మాట్లాడించండి.

ఖర్చు సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆడపాత్రకు మనిషి దొరకడం మన నాటకానికి ఎప్పుడూ ఉన్న ఇబ్బందే. ఆ ఇబ్బందిలోంచే స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతో ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కాలానికి అది కుదరదు. సరళ వేషానికి అనుభవమున్న నటిని బయటి నుంచే పిలిపించండి, గంటసేపు బరువు మోయాల్సింది ఆమే. పెంచలమ్మకు మూడు రాకలు, కొద్ది మాటలు, చివర ఒక మౌనం. రిహార్సల్‌కు సాయంత్రం రెండు గంటలు చాలు. రోజూ యాభై మంది పిల్లల ముందు నిలబడే మనిషికి గొంతు ఉండనే ఉంటుంది. ఆ వేషం మీరే వేయండి. చివరి దృశ్యానికి ముందే ఆమె వెళ్లిపోతుంది కాబట్టి, తెర పక్కన నిలబడి సరళ ఏం చేస్తుందో మీ కళ్లతో చూడవచ్చు.